అంగడిలో ఆయుధము: హక్కును, తోటివారి భయమును

ఎద్దును సంతకు తోలుకొనిపోవు రైతు జనసమ్మర్దము చేరగనే ముకుతాడు దగ్గరగా పట్టుకొని నడచును. ఆ యెద్దు ఎన్నడును ఎవరిని పొడిచినది కాదు. అయినను పలుపు వదలి విడువడు. దాని సాధుస్వభావమును తానెరుగును గాని, చంకబిడ్డతో ఎదురుగా వచ్చు తల్లి ఎరుగదు. యజమానికి తెలిసినది సంతలోనివారికి తెలియదు. కావున వారి భయమును తీర్చు భారము యజమానిపైననే యున్నది. ఇది ఏ చట్టములోను వ్రాయబడలేదు. అయినను మన పల్లెలలో అందరును అంగీకరించిన నియమము.

ఈ చిన్న నియమమునకు సంబంధించిన ప్రశ్నయే నేడు అమెరికా సంయుక్త రాష్ట్రములలో పెద్ద చర్చగా నున్నది. అచ్చట అనేక రాష్ట్రములలో పౌరుడు నడుమునకు పిస్తోలు కట్టుకొని, అది అందరికిని కనబడుచుండగా, పాలు, రొట్టె, కూరగాయలు కొనుటకు అంగడికి పోవచ్చును. దీనిని వారు ‘ఓపెన్ క్యారీ’ అందురు. అనగా ఆయుధమును దాచక బహిరంగముగా ధరించుట. చట్టమొప్పిన పనియే యైనను, ప్రక్కనున్న కొనుగోలుదారులకు, కొట్టులో పనిచేయువారికి, పిల్లలతో వచ్చినవారికి అది కలవరము కలిగించుచున్నది. ఆ కలవరమును ఎవరు, ఎట్లు తీర్చవలెను?

దూరదేశపు విషయము మనకేల యని పాఠకులు అనుకొనవచ్చును. తెలుగు జిల్లాలనుండి చదువులకును, ఉద్యోగములకును వెళ్లిన మన బిడ్డలు టెక్సాస్ రాష్ట్రములోని డాలస్ పరిసరములలో పెద్ద సంఖ్యలో నివసించుచున్నారు. మనుమలను చూచుటకు వారి తల్లిదండ్రులు పల్లెలనుండి పోయి నెలల తరబడి అచ్చట ఉండి వచ్చుచున్నారు. అంగడిలో మామూలు దుస్తులు ధరించిన మనిషి నడుమున పిస్తోలు చూచి, “నాయనా, ఆయన పోలీసా?” యని కొడుకును అడిగిన తల్లికి సరియైన సమాధానము దొరకవలెను. ఈ పాఠముయొక్క ఉద్దేశము అదియే.

చట్టము ఏమి చెప్పుచున్నది?

అమెరికా రాజ్యాంగమునకు 1791లో చేర్చబడిన రెండవ సవరణ ప్రజలకు ఆయుధములు కలిగియుండు హక్కును గూర్చి చెప్పుచున్నది. ఆ హక్కు సైనిక దళములకు మాత్రమే సంబంధించినదా, లేక ప్రతి వ్యక్తికిని చెందినదా యను వివాదము చిరకాలము సాగినది. 2008లో హెల్లర్ కేసులో ఆ దేశపు సుప్రీంకోర్టు అది వ్యక్తికి చెందిన హక్కేయని తీర్పు చెప్పినది. అయితే అది హద్దులు లేని హక్కు కాదనియు, పాఠశాలలు, ప్రభుత్వ భవనములు మున్నగు చోట్ల ఆయుధములను నిషేధింపవచ్చుననియు ఆ తీర్పులోనే చెప్పబడినది. 2022 జూన్ 23న బ్రూయెన్ కేసులో, ఆత్మరక్షణకై ఇంటి వెలుపల కూడ పిస్తోలు ధరించు హక్కు కలదని అదే న్యాయస్థానము ప్రకటించినది.

ఆయుధమును కనబడునట్లు ధరింపవచ్చునా, దాచియే ధరింపవలెనా యను విషయములో మాత్రము ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క చట్టము కలదు. ఇలినాయ్ రాష్ట్రములో లైసెన్సు పొందినవారు పిస్తోలును దాచి ధరింపవచ్చును గాని, బహిరంగముగా ధరింపరాదు. ఫ్లోరిడాలో బహిరంగముగా ధరించుటపై నున్న నిషేధమును 2025 సెప్టెంబరులో ఒక అప్పీలు న్యాయస్థానము కొట్టివేసినది. లైసెన్సు లేకయే పిస్తోలు ధరింపనిచ్చు రాష్ట్రములు 2024 నాటికి 29కి చేరినవి. ఒక రాష్ట్రపు సరిహద్దు దాటగనే తప్పు ఒప్పుగను, ఒప్పు తప్పుగను మారుట ఆ దేశములో సాధారణము.

మనవారు అధికముగా నున్న టెక్సాస్‌నే చూతము. అచ్చట పొడవైన రైఫిలును బహిరంగముగా ధరించుటకు పూర్వమునుండియే అడ్డు లేదు. పిస్తోలు విషయములో 2016 జనవరి 1 నుండి లైసెన్సు గలవారికి ఆ అనుమతి లభించినది. 2021 సెప్టెంబరు 1 నుండి, చట్టము అనర్హులుగా ప్రకటింపని వారికి లైసెన్సు కూడ అవసరము లేకపోయినది. అయితే కనబడునట్లు ధరించిన పిస్తోలు ఒరలో నుండి తీరవలెను. జనులకు భయము గలిగించు తీరున బహిరంగ స్థలములో తుపాకిని ప్రదర్శించుట ఆ రాష్ట్రములోను నేరమే. పాఠశాలలు, న్యాయస్థానములు, ఎన్నికలనాటి పోలింగు కేంద్రములు మున్నగు చోట్ల నిషేధము కలదు. రాబడిలో 51 శాతముగాని అంతకు మించిగాని అచ్చటనే త్రాగు మద్యముపై వచ్చు దుకాణములలోను ఆయుధము కూడదు. అట్టి దుకాణముల ద్వారమున ‘51 శాతము’ అను ఎర్రని గుర్తు కట్టబడియుండును.

అంగడి యజమాని మాట

హక్కు రాజ్యాంగము ఇచ్చినదే యైనను, అంగడి మరియొకరి సొత్తు. తన కొట్టులోనికి ఆయుధముతో రావలదని చెప్పు అధికారము యజమానికి కలదు. టెక్సాస్ చట్టము ఈ మాట చెప్పు పద్ధతిని కూడ నిర్ణయించినది. లైసెన్సుదారులు బహిరంగముగా పిస్తోలు ధరించి లోనికి రాకుండ నిషేధింపదలచిన యజమాని ప్రతి ప్రవేశద్వారమున ఒక ప్రకటన కట్టవలెను. అది ఇంగ్లీషు, స్పానిష్ భాషలు రెండింటిలోను ఉండవలెను. అక్షరములు ఒక అంగుళమునకు తక్కువ కాని ఎత్తుతో, రంగు స్పష్టముగ తేలునట్లు ఉండవలెను. దానిని చూచియు లోనికి వచ్చిన లైసెన్సుదారునకు 200 డాలర్లవరకు జరిమానా. స్వయముగా నోటితో చెప్పిన పిమ్మటను వెడలిపోనిచో నేరము పెద్దదగును. ఒక సంవత్సరమువరకు జైలు, 4,000 డాలర్లవరకు జరిమానా విధింపవచ్చును.

ఇందులో ఒక వివేకము కలదు. ద్వారముననే స్పష్టమైన మాట యున్నచో లోపల వాదులాట యుండదు. ధరించినవానికి తన హద్దు తెలియును. భయపడువానికి తన భరోసా తెలియును. కౌంటరు వద్దనున్న చిన్న ఉద్యోగి ఆయుధము గలవానితో తగవు పడవలసిన అవస్థ తప్పును.

పెద్ద సంస్థలు నడచిన మార్గము

ఈ చివరి చిక్కునే పెద్ద వ్యాపార సంస్థలు ఎదుర్కొన్నవి. స్టార్‌బక్స్ అను కాఫీ సంస్థ తన దుకాణములలో స్థానిక చట్టము ననుసరించుచు ఊరకుండెడిది. ఆయుధములు కావలెననువారును, వలదనువారును ఆ దుకాణములనే సభాస్థలములుగా మార్చుకొనసాగిరి. 2013 సెప్టెంబరులో ఆ సంస్థ అధిపతి హోవర్డ్ షుల్ట్జ్ బహిరంగ లేఖ వ్రాసి, తుపాకులు తేవలదని కొనుగోలుదారులను కోరిరి. అది నిషేధము కాదు, అభ్యర్థన మాత్రమే. బాధ్యత గల తుపాకిదారులకు మర్యాద చూపు అవకాశమీయవలెననియు, నిషేధించినచో దానిని అమలుపరచుటకు తన ఉద్యోగులే సాయుధులకు ఎదురు నిలువవలసి వచ్చుననియు ఆయన కారణములు చెప్పిరి.

2014 మే నెలలో డాలస్‌లోని ఒక చిపోట్లే భోజనశాలకు కొందరు పొడవైన రైఫిళ్లతో వచ్చుటచే పెద్ద దుమారము లేచినది. ఆ సంస్థయు తుపాకులు తేవలదని కోరినది. అదే సంవత్సరము జూలైలో టార్గెట్ అను దుకాణముల సంస్థ ఇదే కోరిక తెలిపినది. తుపాకిదారుల పక్షమున నిలుచు నేషనల్ రైఫిల్ అసోసియేషనులోని ఒక విభాగము కూడ భోజనశాలలకు రైఫిళ్లు మోసుకొనిపోవుట వింతయనియు, జనులను భయపెట్టుననియు ఆ దినములలో వ్రాసినది. తమ పక్షమువారే ఆక్షేపించుటతో కొలది దినములకే ఆ మాటను ఉపసంహరించుకొన్నది. పక్షముతోడివారికి మర్యాద చెప్పుట ఎంత కష్టమో దీనివలన తెలియుచున్నది.

2019 ఆగస్టు 3న టెక్సాస్‌లోని ఎల్ పాసో పట్టణమున వాల్‌మార్ట్ దుకాణములో ఒక దుండగుడు కాల్పులు జరుపగా, పిమ్మట మరణించినవారితో కలిపి 23 మంది అసువులు బాసిరి. ఆ నెల గడచిన వెంటనే, సెప్టెంబరు 3న, బహిరంగ ధారణము చట్టసమ్మతమైన రాష్ట్రములలో కూడ తమ దుకాణములకు ఆయుధములు కనబడునట్లు ధరించి రావలదని వాల్‌మార్ట్ కోరినది. క్రోగర్ మొదలగు మరికొన్ని సంస్థలును ఆ దినములలోనే అట్లు కోరినవి. కొనుగోలుదారులతో ఘర్షణ పడక, మర్యాదగా వ్యవహరింతుమని వాల్‌మార్ట్ అధిపతి ప్రకటించిరి.

చూచువారి భయము నిరాధారమా?

“నేను ఎవరికిని హాని చేయలేదు, చట్టము నన్ను అనుమతించినది, భయపడువారి భయము వారి లోపము” అని ధరించువారిలో కొందరందురు. వారి పక్షమును న్యాయముగ వినవలెను. పోలీసు స్టేషను ఆమడ దూరములో నుండు ఒంటరి యిండ్లలో పెరిగినవారికి తుపాకి రక్షణ సాధనము. ఆయుధము కనబడుచున్నచో దొంగ దగ్గరకు రాడని వారి నమ్మకము. దాచుకొనుటకంటె కనబడనిచ్చుటయే నిజాయితీ యనువారును కలరు.

అయినను చూచువారి స్థితిని కూడ తలచవలెను. ఒరలోని పిస్తోలు కన్నులకు కనబడును గాని, దానిని ధరించినవాని మనస్సు కనబడదు. ఎల్ పాసోలో ఆ దినమున లోనికి వచ్చినవాడును చూపునకు ఒక కొనుగోలుదారుడే. 2023 మే 6న డాలస్ సమీపమునందలి ఆలెన్ పట్టణపు విక్రయశాలల సముదాయములో జరిగిన కాల్పులలో 8 మంది మరణించిరి. అందులో హైదరాబాదునకు చెందిన తెలుగు యువతి యొకతె. అట్టి వార్తలు విన్న చెవులతోనే జనులు అంగడికి వచ్చుచున్నారు. వారి భయము పిరికితనము కాదు; అనుభవము.

భయము ఎట్లు రెండు విధముల తప్పుదారి పట్టగలదో ఈ క్రింది సంఘటనలు తెలుపుచున్నవి.

కొలొరాడో స్ప్రింగ్స్ పట్టణమున 2015 అక్టోబరు 31న ఒక స్త్రీ రైఫిలుతో నడచుచున్న మనిషిని చూచి 911 అను అత్యవసర సంఖ్యకు ఫోను చేసినది. ఆ రాష్ట్రములో ఆయుధము బహిరంగముగా ధరింపవచ్చునని ఫోను అందుకొన్న ఉద్యోగి ఆమెకు తెలిపిరి. కొలది నిమిషములకే ఆ మనిషి ముగ్గురిని కాల్చి చంపెను. ఇచ్చట భయము నిజమైనది. చట్టసమ్మతమను మాట దానిని మరుగుపరచినది.

ఒహాయో రాష్ట్రములోని బీవర్‌క్రీక్ పట్టణమున 2014 ఆగస్టు 5న దీనికి సరిగ వ్యతిరేకముగ జరిగినది. వాల్‌మార్ట్ దుకాణములో 22 ఏండ్ల నల్లజాతి యువకుడొకడు అమ్మకమునకు పెట్టిన గాలితుపాకిని అరనుండి చేతికి తీసికొని, ఫోనులో మాటలాడుచు తిరుగుచుండెను. మరియొక కొనుగోలుదారుడు 911కు ఫోను చేసి, ఆ యువకుడు జనులపై తుపాకి గురిపెట్టుచున్నాడని చెప్పెను. పోలీసులు వచ్చి అతనిని కాల్చివేసిరి. ఆ గందరగోళములో పరుగెత్తుచున్న ఒక స్త్రీ కూడ గుండెపోటుతో మరణించినది. ఒహాయో బహిరంగ ధారణమును అనుమతించు రాష్ట్రమే. ఆ చేతిలోనిది నిజమైన తుపాకియు కాదు. గ్రాండ్ జ్యూరీ ఆ పోలీసులపై నేరారోపణ చేయలేదు. తొందరపాటు మాట ఒకటి ఎంత దూరము పోగలదో ఇందు స్పష్టము.

ఒకే ఆయుధము ఎవరి చేతిలో నున్నదను దానిని బట్టి చూచువారి భయము మారుట ఆ దేశ చరిత్రలో క్రొత్త కాదు. 1967 మే 2న బ్లాక్ పాంథర్ పార్టీకి చెందిన నల్లజాతివారు తుపాకులు ధరించి కాలిఫోర్నియా శాసనసభా భవనమునకు వచ్చిరి. ఆ సంవత్సరమే, గవర్నరు రోనాల్డ్ రీగన్ సంతకముతో, గుండ్లు నింపిన తుపాకులను బహిరంగముగా ధరించుటను నిషేధించు మల్ఫర్డ్ చట్టము అచ్చట అమలునకు వచ్చినది. హక్కు అందరికిని సమానముగ వ్రాయబడియున్నను, అందరిని జనులు సమానముగ చూతురను హామీ లేదు. మన బిడ్డలు ఈ విషయమును ప్రత్యేకముగ గుర్తుంచుకొనవలెను.

పరీక్షించుటకై భయపెట్టరాదు

ఎల్ పాసో దుర్ఘటన జరిగిన ఐదు దినములకు, 2019 ఆగస్టు 8న, మిస్సోరి రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున ఒక యువకుడు తూటాలనుండి కాపాడు కవచము తొడిగి, రైఫిలు ధరించి, ఫోనులో చిత్రము తీసికొనుచు వాల్‌మార్ట్ దుకాణములో ప్రవేశించెను. మేనేజరు అగ్నిప్రమాద గంట మ్రోగించి జనులను వెలుపలకు పంపించిరి. అచ్చటనున్న ఆయుధధారియైన ఒక అగ్నిమాపక ఉద్యోగి పోలీసులు వచ్చువరకు అతనిని నిలిపియుంచెను. రెండవ సవరణను ఆ దుకాణము గౌరవించునో లేదో చూడదలచితినని ఆ యువకుడు చెప్పుకొన్నాడు. ఒక్క తూటాయు పేలలేదు. అయినను జనులను భయభ్రాంతులను చేసినందుకు అతనిపై కేసు పెట్టబడినది. మిస్సోరిలో ఆయుధము ధరించుట నేరము కాదు. ఆ సమయమున, ఆ వేషముతో, ఆ చోటికి వచ్చుట అతనిని నేరమువరకు తీసికొనిపోయినది.

దీనికి భిన్నమైన సంఘటన ఒహాయోలోని టొలీడో పట్టణమున 2010లో జరిగినది. ఒక గృహస్థు ఒరలో పిస్తోలు పెట్టుకొని భార్యాబిడ్డలతోను, కుక్కతోను సాయంకాలము వీధిలో నడచుచుండెను. మోటారుసైకిలుపై పోవుచున్న ఒకడు ఆగి, అట్లు తిరుగరాదని ఆక్షేపించి, పోలీసులకు ఫోను చేసెను. పోలీసు అధికారి వచ్చి పిస్తోలు తీసికొని గృహస్థునకు బేడీలు వేసెను. అప్పీలు న్యాయస్థానము 2015లో ఈ కేసును విచారించి, చట్టము అనుమతించిన పనిని శాంతముగ చేయుచున్నవానిని, వేరే అనుమానకారణము లేనిదే, నిర్బంధించుట తగదని తేల్చినది. భయపడినవాడు ఫోను చేయుట తప్పు కాదు. అధికారి వచ్చి పలుకరించుటయు తప్పు కాదు. శాంతముగ నున్నవానిని నేరస్థునివలె చూచుటయే తప్పు.

ఇరుపక్షములును పాటింపదగిన మర్యాదలు

పైన చెప్పిన విషయములనుండి కొన్ని ఆచరణ నియమములు తేలుచున్నవి. మొదట ఆయుధము ధరించువారికి:

1. పిస్తోలు ఒరలోనే యుండవలెను. అంగడిలో దానిని తాకుట, సర్దుట, ఇతరులకు తీసి చూపుట కూడదు. చేయి దూరముగ నుండుటయే మొదటి భరోసా.

2. ద్వారముననున్న ప్రకటన చదువవలెను. యజమాని వలదన్నచో వాదింపక వెడలిపోవలెను. వాదము న్యాయస్థానములో చేయవచ్చును, కౌంటరు వద్ద కాదు.

3. ఎవరైన అడిగినచో, “అమ్మా, ఇది ఈ రాష్ట్రములో చట్టసమ్మతము. నేను సామానులకై వచ్చితిని. మీకు ఇబ్బందిగా నున్నచో నేను ఆ వరుసకు పోయెదను” అని మెల్లగ చెప్పవలెను. చట్టపు సెక్షన్లు వల్లించుట సమాధానము కాదు.

4. కోపములోను, మద్యము సేవించినప్పుడును ఆయుధము వెంటనుండరాదు.

5. ఊరిలో దుర్ఘటన జరిగిన దినములలో హక్కును ప్రదర్శింపరాదు. దుఃఖములోనున్న ఇంటిముందు మేళము వాయింపము గదా!

ఇక చూచువారికి:

1. మొదట చేతిని చూడవలెను. ఒరలోని ఆయుధము వేరు, చేతిలోని ఆయుధము వేరు. ఒరలో నుండి, ఆ మనిషి సామానులు ఏరుకొనుచున్నచో, కేకలు వేయుట, నిలదీయుట, దొంగచాటుగ ఫోటో తీయుట వలదు.

2. మనస్సు కుదుటపడనిచో పిల్లలను తీసికొని ప్రక్క వరుసకుగాని వెలుపలకుగాని పోవలెను. దుకాణపు మేనేజరుతో చెప్పవలెను, పలుకరింపవలసినవారు వారు.

3. ఆయుధము చేతికి వచ్చినను, ఎవరిపైనైన గురిపెట్టబడినను, బెదిరింపు వినబడినను, మొదట వెలుపలకు చేరి, పిమ్మట 911కు ఫోను చేయవలెను.

4. ఫోనులో చూచినది మాత్రమే చెప్పవలెను. “ఒరలో నున్నది”, “చేతిలో నున్నది”, “గురిపెట్టినాడు” అను మూడు మాటలకు నడుమ ఒక ప్రాణమంత దూరము కలదు. ఊహను చూపుగా చెప్పరాదు.

మన బిడ్డలకు ఒక హెచ్చరిక

సందర్శకులుగను, విద్యార్థులుగను, హెచ్-1బి వంటి తాత్కాలిక ఉద్యోగ వీసాలపైనను అమెరికాలో నున్నవారు తుపాకిగాని తూటాలుగాని కలిగియుండుటను ఆ దేశపు కేంద్ర చట్టము సామాన్యముగ నిషేధించుచున్నది. చెల్లుబాటైన వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే కలవు. శాశ్వత నివాసానుమతి, అనగా గ్రీన్ కార్డు, గలవారికి ఈ నిషేధము వర్తింపదు. “ఇచ్చట అందరును ధరించుచున్నారు గదా” యని స్నేహితుని తుపాకిని సరదాకు తీసికొని తిరిగినచో, చదువును, ఉద్యోగమును, ఆ దేశమున నిలుచు అవకాశమును పోగొట్టుకొనవలసి వచ్చును. బిడ్డలతో ఫోనులో మాటలాడునపుడు తల్లిదండ్రులు ఈ సంగతి ఒకసారి జ్ఞాపకము చేయుట మంచిది.

మన దేశములో

మన దేశమున ఈ ప్రశ్నకు చట్టము వేరొక సమాధానము నిచ్చినది. 1878లో ఆంగ్ల ప్రభుత్వము చేసిన ఆయుధ చట్టమునకు బదులుగ స్వతంత్ర భారతము 1959లో క్రొత్త చట్టము చేసినది. అది 1962 అక్టోబరు 1న అమలునకు వచ్చినది. దాని ప్రకారము తుపాకి కలిగియుండుటకు లైసెన్సు తప్పనిసరి. జిల్లాలలో కలెక్టరు, కమిషనరేటు నగరములలో పోలీసు కమిషనరు లైసెన్సు నిత్తురు. అందులకు ముందు సమీప పోలీసు స్టేషనునుండి నివేదిక తెప్పింతురు. పంటను కాపాడుకొనుటకై మందుకూరి కాల్చు తుపాకికి లైసెన్సు నిచ్చు నిబంధన కూడ ఆ చట్టములో కలదు. 2019 సవరణతో ఒక వ్యక్తి కలిగియుండదగిన తుపాకులు మూడునుండి రెండునకు తగ్గినవి. లైసెన్సు కాలము మూడు సంవత్సరములనుండి ఐదునకు పెరిగినది.

లైసెన్సు గలవాడు దానిని సంతకు తీసికొనిపోవచ్చునా? 2016 నాటి ఆయుధ నియమముల ప్రకారము బహిరంగ స్థలములో తుపాకి ఒరలోగాని తగిన సంచిలోగాని ఉండి, పూర్తిగా కప్పబడియుండవలెను; అది ధరించినవాని అదుపులో నుండవలెను. అమెరికాలోని అనేక రాష్ట్రములలో కనబడనిచ్చుట హక్కు. మన దేశమున కప్పియుంచుట విధి. బహిరంగముగా తుపాకి ఆడించుట, పెండ్లిండ్లలోను, ఊరేగింపులలోను సంబరమునకై కాల్చుట నిషిద్ధము. నిర్లక్ష్యముగ సంబరపు కాల్పులు జరిపి ఇతరుల ప్రాణములకు అపాయము కలిగించినవారికి రెండు సంవత్సరములవరకు జైలుగాని, లక్ష రూపాయలవరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చునని 2019 సవరణ చెప్పుచున్నది.

ఊరిలో నిట్టి పని కనబడినచో పెద్దమనిషి యని మొగమాటపడక పోలీసులకు తెలుపవలెను. పెండ్లిపందిరిపైకి పేల్చిన తూటా మేడమీదనుండి చూచు పసిబిడ్డను తాకవచ్చును.

తేలిన విషయము

రెండు దేశముల చట్టములు రెండు దారుల నడచినవి. ఒకచోట హక్కును ముందు నిలిపి, తోటివారి నిశ్చింతను మర్యాదకు అప్పగించిరి. మరియొకచోట తోటివారి నిశ్చింతను ముందు నిలిపి, హక్కును అనుమతికి లోబరచిరి. ఏ దారియైనను ఒక సత్యము మారదు. ఆయుధము ధరించినవానికి తన మనస్సు తెలియును, ప్రక్కవానికి తెలియదు. తెలిసినవాడే తెలియనివానికి ధైర్యము చెప్పవలెను. భయపడినవాడు చూచినది చూచినట్లు చెప్పవలెను. నడుమనున్న యజమానియు, అధికారియు ఇద్దరి మాటను విని తొందరపడక నడచుకొనవలెను.

ఈ సంగతులను చదువరులు అమెరికా ప్రయాణము కట్టుచున్న ఇరుగుపొరుగు వారికిని, లైసెన్సు తుపాకి గల బంధువులకును చదివి వినిపింతురుగాక.